ఇంటి చదువు – హైస్కూలు పిల్లల అలవాట్లు

హైస్కూలు పిల్లలున్న ఇళ్ళలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటుంది. పిల్లవాడు పుస్తకం ముందు కూర్చుంటాడు. గంటల తరబడి కూర్చుంటాడు. అయినా పరీక్షలో మార్కులు రావు. తల్లి అతని మతిమరుపును నిందిస్తుంది. తండ్రి నిర్లక్ష్యమంటాడు. బడిలో ఉపాధ్యాయుడు “ఇంట్లో కాస్త చదివించండి” అని కబురు పంపుతాడు. ఎలా చదివించాలో మాత్రం ఎవరూ చెప్పరు. చివరకు ఏదో ఒక ట్యూషన్‌లో చేర్చి, నెలనెలా ఫీజు కట్టి, బాధ్యత తీరిందనుకుంటారు. అక్కడ కూడా అదే పిల్లవాడు అదే పద్ధతిలో కూర్చుంటాడు గనుక ఫలితం కూడా అలాగే వుంటుంది.

అయిదో తరగతి వరకు పిల్లల చదువు చాలా భాగం బడిలోనే పూర్తవుతుంది. ఆరో తరగతి నుంచి పరిస్థితి మారుతుంది. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో ఉపాధ్యాయుడు వస్తాడు. పాఠాలు పెద్దవవుతాయి. ఈ నెలలో చెప్పిన పాఠం మీద వచ్చే సంవత్సరపు పాఠం ఆధారపడుతుంది. ఏడో తరగతిలో భిన్నాలు, ధన రుణ సంఖ్యలు సరిగా పట్టుబడని పిల్లవాడు పదో తరగతిలో వర్గ సమీకరణాల దగ్గర బోల్తాపడతాడు. కనుక పన్నెండు, పదమూడేళ్ళ వయస్సులో పడిన చదువు అలవాటే తర్వాతి సంవత్సరాలకు పునాది అవుతుంది.

ముస్లిం కుటుంబాల్లో ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం వుంది. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ప్రకారం, 6 నుంచి 14 సంవత్సరాల వయస్సుగల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడిలో చేరనివారో, చేరి మధ్యలో మానివేసినవారో. ఈ లెక్క వెనుక వున్న ఇళ్ళను తలచుకుంటే, ఇవాళ హైస్కూలుకు వెళ్తున్న అనేకమంది పిల్లలు తమ కుటుంబంలో ఆ మెట్టు ఎక్కిన మొదటివారని అర్థమవుతుంది. అలాంటి ఇళ్ళలో తల్లిదండ్రులు “మాకే అక్షరం ముక్క రాదు, పిల్లలకేం చెప్పగలం?” అని వెనక్కి తగ్గుతారు. పాఠం చెప్పడం ఉపాధ్యాయుని పని. అలవాటు పడేలా చూడడం ఇంటి పని. ఈ రెండో పనికి తల్లిదండ్రులు చదువుకున్నవారై వుండాలన్న షరతేమీ లేదు.

అలవాటు ఎలా పడుతుంది?

అలవాటు సంకల్పంతో మొదలవుతుంది గాని, సంకల్పం మీదే ఎంతోకాలం నిలవదు. ప్రతిరోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే పని తర్వాత చేసే పని క్రమంగా అలవాటుగా మారుతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన పరిశోధకులు ఈ విషయాన్ని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. కొత్త పని ఒకటి దానంతటదే జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి, పనిని బట్టి ఇది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు వుండవచ్చని వారు తేల్చారు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. ఇందులో తల్లిదండ్రులు గ్రహించవలసినది ఏమిటంటే, వారంరోజులు చూసి “వీడు మారడు” అని నిర్ణయించడం తొందరపాటు. రెండు మూడు నెలల ఓపిక అవసరం.

అలవాటును మరో అలవాటుకు ముడివేస్తే అది త్వరగా నిలుస్తుంది. నమాజు చేసే ఇంట్లో ఇందుకు వీలైన సమయాలు ముందే ఏర్పడివున్నాయి. “సాయంత్రం చదువుకో” అన్న మాటకు హద్దు లేదు. “మగ్రిబ్ నమాజు కాగానే పుస్తకం తీయాలి” అన్న మాటకు స్పష్టమైన ఆరంభం వుంది. గడియారం చూడనవసరం లేదు, ఎవరూ కేకలు వేయనవసరం లేదు, అజాన్ గుర్తుచేస్తుంది. మగ్రిబ్‌కు, ఇషాకు మధ్య సుమారు గంటంబావు సమయం వుంటుంది. హైస్కూలు పిల్లలకు ఒక విడత చదువుకు అది సరిపోతుంది.

మొదట్లోనే మూడు గంటలు కూర్చోబెట్టడం వల్ల ప్రయోజనం వుండదు. తక్కువైనా సరే, నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ప్రీతికరమని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు సుప్రసిద్ధం. చదువు విషయంలో కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. మొదటి వారం ఇరవై నిమిషాలు చాలు. అది తప్పకుండా జరుగుతున్నదని తేలిన తర్వాత అరగంట, ముప్పావుగంట చేయవచ్చు.

చోటు, వెలుతురు, సెల్‌ఫోన్

పిల్లలకు చదువుకోవడానికి వేరే గది వుండాలని పుస్తకాలు చెబుతాయి. ఒకే గదిలో ఆరుగురు నివసించే ఇళ్ళలో ఆ సలహా పనికిరాదు. గది లేకపోయినా మూల ఒకటి వుంటుంది. ఆ మూలలో ఒక చాప, ఒక చిన్న బల్ల, పుస్తకం మీద నీడ పడకుండా వెలుతురు వుంటే చాలు. ఆ గంటసేపు ఆ చోటు పిల్లలదే అన్న నియమం ఇంటిల్లిపాదీ పాటించాలి. పెన్సిలు, స్కేలు, నోటు పుస్తకాలు ముందే దగ్గర పెట్టుకోవాలి. పది నిమిషాలకోసారి లేచి ఏదో ఒకటి వెతుక్కునే పిల్లవాని చదువు ముందుకు సాగదు.

ఇంట్లో అసలు వీలుకాకపోతే మస్జిదు వరండా వుంది, చదువుకునే పొరుగువారి ఇల్లు వుంది, కొన్ని ఊళ్ళలో గ్రంథాలయం వుంది. మస్జిదు నిర్వాహకులు మగ్రిబ్, ఇషాల మధ్య ఒక దీపం, ఒక ఫ్యాను పిల్లల కోసం వేసి వుంచితే మొహల్లా అంతటికీ మేలుచేసినవారవుతారు.

టీవీ, సెల్‌ఫోన్ల విషయంలో నియమం పెద్దలతోనే మొదలు కావాలి. తండ్రి పక్కనే కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూస్తూ కొడుకును చదువుకోమంటే ఆ మాటకు బరువుండదు. ఇవాళ బడి హోంవర్కు కూడా వాట్సాప్‌లోనే వస్తున్నది గనుక ఫోను పూర్తిగా నిషేధించడం చాలా ఇళ్ళలో కుదరదు. హోంవర్కును ఫోన్‌లోంచి నోటు పుస్తకంలోకి ఎక్కించుకుని, ఆ తర్వాత ఫోను తల్లికి అప్పగించి కూర్చోవడం ఆచరణకు అనువైన మార్గం. ఇంట్లో అందరి ఫోన్లూ ఆ గంటసేపు ఒకే గూటిలో వుంటే మరీ మంచిది.

హిఫ్జ్ పద్ధతిలో దాగివున్న పాఠం

చదివినది గుర్తుండడం లేదన్నది పిల్లల ప్రధానమైన బాధ. ఈ బాధకు మందు ముస్లింల ఇళ్ళకు కొత్తది కాదు. ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లవాని దినచర్య గమనించండి. అతను రోజూ మూడు రకాల పాఠాలు అప్పగిస్తాడు. సబఖ్ అంటే ఆనాటి కొత్త పాఠం. సబఖ్ పారా అంటే ఇటీవలి రోజుల్లో నేర్చిన భాగం. ఆమూఖ్తా అంటే ఎప్పుడో పూర్తిచేసిన పాత పారాలు. కొత్తది ఎంత బాగా వచ్చినా సరే, పాతది అప్పగించకుండా ఉస్తాదు వదిలిపెట్టడు. అప్పగించేటప్పుడు పుస్తకం ఉస్తాదు చేతిలో వుంటుంది, పిల్లవాడు చూడకుండా చదువుతాడు. ఆరువందల పుటల గ్రంథం పదేళ్ళ పిల్లవాని మనస్సులో అక్షరం తప్పకుండా నిలవడానికి ఈ రెండు నియమాలే ఆధారం. పాతదాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పడం మొదటిది. చూడకుండా అప్పగించడం రెండోది.

పన్నెండో శతాబ్ది చివర, పదమూడో శతాబ్ది ఆరంభ కాలానికి చెందిన హనఫీ విద్వాంసుడు బుర్హానుద్దీన్ జర్నూజీ విద్యార్థుల కోసమే “తాలీముల్ ముతఅల్లిమ్” అనే చిన్న గ్రంథం రచించారు. నిన్నటి పాఠాన్ని అయిదుసార్లు, మొన్నటి పాఠాన్ని నాలుగుసార్లు, అంతకు ముందుదాన్ని మూడుసార్లు, దానికి ముందుదాన్ని రెండుసార్లు, ఇంకా ముందుదాన్ని ఒకసారి తిప్పాలని ఆయన అందులో సూచించారు. లెక్క వేస్తే ప్రతి పాఠం అయిదు రోజుల్లో పదిహేనుసార్లు తిరుగుతుందన్నమాట. ఒకేరోజు పదిహేనుసార్లు చదవమని ఆయన అనలేదు. చదువుకు అనువైన వేళలుగా ఆయన పేర్కొన్నవి సహర్ వేళ, మగ్రిబ్ ఇషాల మధ్య వేళ.

ఆ తర్వాత దాదాపు ఏడువందల ఏళ్ళకు, 1885లో, హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసి ఒక గ్రంథం ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల వరుసలు కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచాడు. నేర్చుకోవడానికి పడిన శ్రమలో సగానికి పైగా ఒక గంటకే వృథా అయిందని, ఒక రోజు గడిచేసరికి మూడింట రెండువంతులు పోయిందని, ఆ తర్వాత మరపు నెమ్మదించిందని తేలింది. అర్థమున్న పాఠం ఇంత వేగంగా చెరిగిపోదు. అయినా మరపు మొదటి రోజుల్లోనే ఎక్కువన్న సూత్రం మారదు. ఒకే పాఠాన్ని ఒకే పూట కుక్కడం కంటె కొన్ని రోజులకు పంచి చదివితే శ్రమ తగ్గుతుందని కూడా ఆయన ప్రయోగాలు చూపాయి. నిన్నటి పాఠానికి జర్నూజీ ఎక్కువ సార్లు ఎందుకు కేటాయించారో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వింత ఏమిటంటే, అన్న హిఫ్జ్ మదర్సాలో ఈ పద్ధతిలో చదువుతుండగా, అదే ఇంట్లో తమ్ముడు సాంఘికశాస్త్రాన్ని పరీక్ష ముందురోజు రాత్రి మొదటిసారి తెరుస్తాడు. మతవిద్యకు పనికివచ్చిన పద్ధతి బడి చదువుకు ఎందుకు పనికిరాదని ఎవరూ ప్రశ్నించరు.

పుస్తకం మూసి చెప్పించడం

చాలామంది పిల్లలకు చదవడమంటే అదే పేజీని నాలుగైదుసార్లు కళ్ళతో తిప్పడం, ముఖ్యమనుకున్న వాక్యాల కింద గీతలు గీయడం. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పరీక్షించి 2006లో ప్రచురించారు. ఒక బృందం విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరో బృందం ఒకే విడత చదివి, మిగతా మూడు విడతల్లో పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారికే పైచేయి అయింది. వారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత పరీక్షిస్తే ఫలితం తారుమారయింది. చదివినవారికి 40 శాతమే మిగిలింది. రాసినవారికి 61 శాతం నిలిచింది.

ఇందులో మరో విశేషముంది. వారం తర్వాత తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినవారు మళ్ళీ మళ్ళీ చదివినవారే. కళ్ళకు అలవాటైన పేజీ “వచ్చేసింది” అన్న భ్రమ కలిగిస్తుంది. ఇంట్లో “చదివావా?” అంటే పిల్లవాడు “చదివాను” అంటాడు. అతను అబద్ధమాడడం లేదు. చదివాడు, వచ్చిందని నిజంగానే నమ్ముతున్నాడు. అందుచేత తల్లిదండ్రులు “చదివావా?” అని అడగడం మాని “చెప్పు” అనడం అలవాటు చేసుకోవాలి.

అక్షరం రాని తల్లి కూడా ఈ పని చేయగలదు. పుస్తకం ఆమె చేతిలో వుంటుంది. పిల్లవాడు పాఠం ఇంటి భాషలో చెబుతాడు. ఆమెకు విషయం తెలియకపోయినా, బిడ్డ ధారాళంగా చెబుతున్నాడా, నీళ్ళు నములుతున్నాడా అన్నది తెలుస్తుంది. తడబడిన చోట ఆగి, పుస్తకం తిరిగి ఇచ్చి, “అక్కడ మళ్ళీ చూసుకో” అంటే చాలు. అతను అక్కడ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటాడు. మర్నాడు ఫజ్ర్ తర్వాత మొదట అడగవలసింది ఆ చుక్క పెట్టిన చోటే.

ఉదాహరణకు, ఏడో తరగతి చదివే అమ్మాయి కిరణజన్య సంయోగక్రియ పాఠం దాదీకి చెబుతున్నదనుకోండి. ఆకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడు తీసుకుంటుంది, వేళ్ళనుంచి నీళ్ళు వస్తాయి, ఎండ సాయంతో ఆహారం తయారవుతుంది, ఆక్సిజన్ బయటికి వస్తుంది అని చెబుతుంది. “మరి రాత్రిళ్ళు ఎండ వుండదు కదే, అప్పుడు చెట్టు ఏం చేస్తుంది?” అని దాదీ అడుగుతుంది. అమ్మాయి ఆగిపోతుంది. పుస్తకం తిరగేసి, రాత్రి ఆహారం తయారీ ఆగిపోతుందని, శ్వాసక్రియ మాత్రం పగలూ రాత్రీ సాగుతుందని తెలుసుకుని చెబుతుంది. బడి ముఖం చూడని దాదీ వేసిన ఆ ప్రశ్న పరీక్షలో రావచ్చు. రాకపోయినా ఆ పాఠం ఆ అమ్మాయికి ఇక మరపుకు రాదు.

పెద్ద పాఠాన్ని ఎలా పట్టుకోవాలన్న విషయంలో ఇబ్నె ఖల్దూన్ మాట ఉపయోగపడుతుంది. ఆయన 1377లో పూర్తిచేసిన “ముఖద్దిమా”లో బోధన మూడు విడతలుగా సాగాలన్నారు. మొదట విషయం స్థూలంగా, తర్వాత వివరంగా, చివరకు చిక్కుగా వున్న అంశాలు. ఇంట్లో పిల్లలు కూడా ఇలా చేయవచ్చు. మొదటిసారి శీర్షికలు, బొమ్మలు, పాఠం చివరి ప్రశ్నలు చూసి ఇది దేని గురించో గ్రహించాలి. రెండోసారి నిదానంగా చదవాలి. మూడోసారి అర్థంకాని చోట్ల మాత్రమే ఆగి, అప్పటికీ తెలియనివి ఒక కాగితం మీద రాసుకుని, మర్నాడు ఉపాధ్యాయుణ్ణి అడగాలి. ఆ కాగితం చూసి ఉపాధ్యాయుడు సంతోషిస్తాడే గాని కోపగించుకోడు.

లెక్కలు చూస్తే రావు

లెక్కల విషయంలో పిల్లలు చేసే పొరపాటు మరొకటుంది. గైడులో చేసివున్న లెక్క చూస్తారు, ప్రతి మెట్టూ అర్థమవుతుంది, వచ్చిందనుకుంటారు. ఈత కొట్టేవాణ్ణి గట్టున కూర్చుని చూసినంత మాత్రాన ఈత రాదు. చేసిన లెక్కను ఒకసారి చూసి, దాన్ని కాగితంతో కప్పి, మొదటి నుంచి తానే చేయాలి. ఆగిపోయిన చోట కాగితం ఒక్క వరుస కిందికి జరిపి చూడాలి. అలా రెండుసార్లు చేసిన తర్వాత అంకెలు మార్చి మూడోసారి చేయాలి. వారానికోసారి వేర్వేరు అధ్యాయాల లెక్కలు కలగలిపి చేయడం కూడా అవసరం. అధ్యాయం పేరు చూసి సూత్రం గుర్తుచేసుకోవడం సులభం. పరీక్షలో లెక్క పక్కన అధ్యాయం పేరు వుండదు.

ఇంటి భాష, బడి భాష

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో అనేక ముస్లిం కుటుంబాల ఇంటి భాష ఉర్దూ లేక దక్కనీ. బడిలో చదువు తెలుగు మాధ్యమమో, ఇంగ్లీషు మాధ్యమమో. పిల్లవాడు విషయం అర్థం చేసుకోవడానికి ముందు భాషను దాటవలసి వస్తుంది. ఇది తెలివితక్కువతనం కాదు, అదనపు శ్రమ. ఈ శ్రమను తప్పించుకోవడానికే చాలామంది పిల్లలు అర్థం తెలియకుండా జవాబులు బట్టీ పడతారు. ప్రశ్న ఒక్క మాట మారితే ఆ జవాబు పనికిరాదు.

దీనికి రెండు మెట్లు అవసరం. మొదట పాఠం ఇంటి భాషలో తనకు తోచినట్లు చెప్పాలి. తర్వాత అదే విషయం బడి భాషలో నాలుగైదు వాక్యాలుగా రాయాలి. కొత్త పదాలకు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, ఎడమవైపు బడి పదం, కుడివైపు ఇంటి మాటల్లో అర్థం రాసుకుంటే సంవత్సరం చివరికి అదే ఒక నిఘంటువు అవుతుంది. పుస్తకంలో “బాష్పీభవనం” అని వుంటే, తడిబట్టలు ఆరడం అదేనని ఆ పక్కన వుండాలి.

నిద్ర, ఆట

రాత్రంతా మేలుకుని చదివే పిల్లలను చూసి మురిసిపోయే తల్లిదండ్రులున్నారు. పగలు నేర్చినది మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరమని ఇవాళ శాస్త్రజ్ఞులు గట్టిగా చెబుతున్నారు. 13 నుంచి 18 సంవత్సరాల వయస్సువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రా వైద్యుల సంస్థ 2016లో సూచించింది. ఫజ్ర్‌కు లేవవలసిన ఇంట్లో రాత్రి పదకొండు వరకు దీపాలు వెలుగుతుంటే ఈ లెక్క కుదరదు. ఇషా, భోజనం ముగించి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య పిల్లలు పడుకోవాలి. తక్కువపడిన నిద్రను సెలవురోజుల్లో మధ్యాహ్నపు ఖైలూలాతో కొంత పూడ్చవచ్చు.

అస్ర్ తర్వాత ఆటను కూడా తీసివేయరాదు. రోజంతా బెంచీ మీద కూర్చున్న శరీరం కదలాలి. ఆట ముగించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, వుజూ చేసి, మగ్రిబ్ చదివి పుస్తకం తీసిన పిల్లవాని మనస్సు తేటగా వుంటుంది.

మొత్తం మీద ఒక మామూలు రోజు ఇలా వుండవచ్చు. ఫజ్ర్ తర్వాత అరగంట, నిన్నటి పాఠం చూడకుండా చెప్పడం, చుక్కలు పెట్టిన చోట్లు సరిచూసుకోవడం. అస్ర్ తర్వాత ఆట. మగ్రిబ్ తర్వాత హోంవర్కు, ఆనాటి కొత్త పాఠం. మధ్యలో అయిదు నిమిషాలు విరామం. భోజనం తర్వాత పది నిమిషాలు ఇంట్లో ఒకరికి పాఠం చెప్పడం, మర్నాటి సంచి సర్దుకోవడం. ఆదివారం ఒక గంట వారమంతటి పాఠాలకు, అంటే ఆమూఖ్తాకు.

ఆడపిల్లలు, పనిచేసే పిల్లలు

ఇంట్లో చదువు గురించి చెప్పేటప్పుడు ఆడపిల్ల వేళ ఎవరి చేతిలో వుందో చూడాలి. మగ్రిబ్ కాగానే కొడుకు పుస్తకం ముందు, కూతురు పొయ్యి ముందు కూర్చునే ఇళ్ళు ఎన్నో వున్నాయి. రొట్టెలు చేసి, తమ్ముణ్ణి నిద్రపుచ్చి, గిన్నెలు కడిగి ఆమె పుస్తకం తీసేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి. ఆ తర్వాత మార్కులు తగ్గాయని చదువు మాన్పించడం న్యాయం కాదు. ఇంటిపని నేర్వడంలో తప్పులేదు. కొడుకూ కూతురూ చెరో పూట పని పంచుకుంటే ఇద్దరికీ వేళ దొరుకుతుంది. దైవప్రవక్త (సల్లం) ఇంట్లో వున్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన విషయం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్ళున్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో లక్క గాజులు చేసే ఇళ్ళున్నాయి. ఊరూరా మెకానిక్ షెడ్డుకు సాయంత్రాలు వెళ్ళే కుర్రవాళ్ళున్నారు. ఆ కుటుంబాలకు పిల్లల చేతిసాయం విలాసం కాదు, కూటికి సంబంధించిన సంగతి. అలాంటి ఇళ్ళకు మూడు గంటల టైంటేబులు చూపించడం వారిని వెక్కిరించడమే. ఫజ్ర్ తర్వాత అరగంట ఎవరి పనీ మొదలవదు. ఆ అరగంటను పిల్లల చదువుకు విడిచిపెడితే నెలకు పదిహేను గంటలవుతుంది. చేతులు పనిలో వున్నప్పుడు కూడా నోరు ఖాళీగానే వుంటుంది. తల్లి పక్కన కూర్చున్న పిల్ల ఆనాటి పాఠం చెబుతూ వుండవచ్చు.

కోపం వల్ల కలిగే నష్టం

తక్కువ మార్కుల కార్డు ఇంటికి వచ్చిన రోజు చాలా ఇళ్ళలో భయంకరమైన రోజు. విద్యార్థుల పట్ల కాఠిన్యం హానికరమని ఇబ్నె ఖల్దూన్ తన గ్రంథంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశారు. దండనకు జడిసిన పిల్లలు అబద్ధాలకు, కపటానికి అలవాటుపడతారని, చివరకు అదే వారి స్వభావమవుతుందని ఆయన హెచ్చరించారు. ఆరువందల ఏళ్ళ తర్వాత కూడా ఈ మాట ఏ ఇంట్లోనైనా రుజువవుతుంది. కొడతారన్న భయమున్న పిల్లవాడు మార్కుల కార్డు దాస్తాడు, తండ్రి సంతకం తానే పెడతాడు. ఆ తర్వాత ఏ సబ్జెక్టులో వెనకబడ్డాడో తెలుసుకునే దారి కూడా తండ్రికి మూసుకుపోతుంది.

పొరుగింటి పిల్లలతో పోల్చడం కూడా ఇలాంటిదే. పోల్చదలిస్తే పోయిన నెలలో అతనితో ఈ నెలలో అతన్నే పోల్చాలి. “ఇరవై రోజులుగా వేళ తప్పలేదు, శభాష్” అన్న మాట అతని చేతిలో వున్న పనిని మెచ్చుకుంటుంది. జవాబు పత్రం ఇంటికి వస్తే అంకె చూసి వదిలేయక, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “ఎక్కడ పోయాయో నువ్వే చూపించు” అని అడగాలి. తెలియక పోయినవెన్ని, తొందరలో పోయినవెన్ని, వేళ చాలక రాయనివెన్ని అని అతనే విడదీస్తే, వచ్చే నెల ఏం చేయాలో అతనికే తెలుస్తుంది. ఎన్ని విధాల చెప్పినా అక్షరాలు తారుమారవుతున్నా, బోర్డు కనబడడం లేదన్నా, కోపానికి బదులు ఉపాధ్యాయుణ్ణి, కంటి వైద్యుణ్ణి కలవడం అవసరం.

పరీక్షలు, రంజాన్

చాంద్రమాన సంవత్సరం దాదాపు పదకొండు రోజులు చిన్నది గనుక రంజాన్ ఏటా ముందుకు జరుగుతుంది. 2024లోను, 2025లోను రెండు రాష్ట్రాల పదో తరగతి పరీక్షలు చాలావరకు రంజాన్ మాసంలోనే జరిగాయి. ఇలాంటి సంవత్సరాల్లో పరీక్షల ఏర్పాటు షాబాన్‌కు ముందే మొదలు కావాలి. కొత్త పాఠాలన్నీ రంజాన్‌కు ముందే ముగించి, రంజాన్‌లో పునశ్చరణ మాత్రమే మిగిలేట్లు చూసుకోవాలి. సహ్రీ, ఫజ్ర్‌ల తర్వాత మనస్సు చురుకుగా వుంటుంది. కష్టమైన సబ్జెక్టును ఆ వేళకు పెట్టుకోవాలి. జుహర్ తర్వాత కొంత నిద్ర అవసరం. ఇఫ్తారుకు ముందు అలసట వుంటుంది గనుక పటాలు గుర్తించడం, పదాల నోటు పుస్తకం తిరగేయడం వంటి తేలిక పనులు చేయవచ్చు. ఇఫ్తారు తర్వాత బజారులో తిరగడం పరీక్షలున్న పిల్లలు ఆ ఏడాదికి మానుకుంటే నిద్ర మిగులుతుంది.

ఏడాది పొడుగునా సబఖ్, సబఖ్ పారా, ఆమూఖ్తా వరుసలో చదివిన విద్యార్థికి పరీక్ష ముందురోజు మరో మామూలు రోజే. చదవని విద్యార్థికి ఆ ఒక్క రాత్రి ఎంత పొడుగైనా చాలదు.

మొదలు పెట్టవలసినది

దివ్యఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన ఆదేశం చదవమన్నదేనని ముస్లింల ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట సభల్లో వినిపించినంతగా ఇళ్ళలో ఆచరణకు రావాలంటే పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఇవాళ మగ్రిబ్ తర్వాత ఇంట్లో టీవీ ఆపి, ఫోన్లు గూటిలో పెట్టి, పిల్లలను ఒక మూల కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు చూడండి. పడుకోబోయే ముందు పుస్తకం మీ చేతిలోకి తీసుకుని “ఇవాళ బడిలో ఏం చెప్పారు, చెప్పు” అని అడగండి. రేపు కూడా అదే వేళకు అదే మాట అడగండి. అడిగేవారున్నారని తెలిసిన పిల్లవాడు చెప్పడానికి సిద్ధపడి వస్తాడు.